మిరప కాలంలో పడిన వేలిముద్రలు

"చేతులు సూపియ్యి పోశక్కా," అంది స్వాతి.

పోశక్క చేతులు కొంగులోకి లాక్కుంది. "మిరపకాయలు ఏరుతున్న చేతులు బిడ్డా. ఏముంటది సూసెతందుకు? పట్టుకుంటే నీకు మండుతది."

"మండనీ."

పాతగూడెంలో అల్తమష్ నడిపే వేలిముద్ర దుకాణం అది. రేకుల కింద ఒకటే గది, ఒక బల్ల, ఒక బెంచీ. సిరొంచ దాకా వెళ్ళి బ్యాంకులో నిలబడలేని వాళ్ళు ఇక్కడ యంత్రం మీద బొటనవేలు పెట్టి డబ్బు తీసుకునేవారు. ఇప్పుడు బల్ల మీద యంత్రం లేదు. అల్తమష్ కూడా లేడు. సోమవారం సాయంత్రం దుకాణం మూసి బయలుదేరినవాడు ఇంటికి చేరలేదు. అతని బండి ఇంద్రావతి వంతెన మొదట్లో దొరికింది. వంతెన దాటితే ఛత్తీస్‌గఢ్.

బ్యాంకు చెప్పే కథ చిన్నది. కమీషన్ కోసం ఊరి ఆడవాళ్ళకు తెలియకుండా వాళ్ళ పేర్ల మీద ఇన్సూరెన్స్ పాలసీలు కట్టించాడు, వాళ్ళ ఖాతాలు ఖాళీ అయ్యాయి, పట్టుబడతానని పారిపోయాడు. అతని తల్లి అఖ్తర్ బీ చెప్పేది ఇంకా చిన్నది. నా కొడుకు దొంగ కాదు, వెతకండి. సిరొంచలో గాజుల దుకాణం పెట్టుకున్న ఆ విధవ, బ్యాంకు మోసాలు పట్టే పని చేసే స్వాతిని పెట్టుకుంది. ఈ సాయంత్రం బ్యాంకు తన నివేదికను పోలీసులకు ఇస్తుంది. ఇస్తే ఇక తప్పిపోయిన మనిషి కోసం ఎవరూ నదీ అడివీ గాలించరు. దొంగ దాటిపోయాడు అని రాసుకుని ఊరుకుంటారు.

పోశక్క చివరికి చేతులు చాచింది. వేళ్ళ కొసలు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. పైతోలు పొరలు పొరలుగా లేచిపోయింది. స్వాతి ఆ బొటనవేలిని వెలుతురులోకి తిప్పి చూసింది. అది నున్నగా మెరుస్తోంది. గీత అనేది ఎక్కడా లేదు.

"ఈ వేలు మిషన్ మీద పడుతదా?"

"యాడ పడుతది? మిరపకాయలు మొదలైనంక ఒక్కనాడు గూడ పడలే. ఆ పిలగాడు కుంకుడుకాయ నీళ్ళల్ల నానబెట్టిస్తడు, కొబ్బరినూనె రాపిస్తడు, తుడిపిస్తడు. అయినా ఎర్రబత్తే వచ్చేది. 'ఏరుడు అయిపోయినంక రా పెద్దమ్మా' అని పంపిస్తుండె. అందరికీ గట్లనే."

"నీ పేరు మీద పాలసీ ఎప్పుడు కట్టిండ్రో ఎరుకేనా?"

"నాకేం ఎరుక. పైసలు తీద్దామని పోతే ఖాతాల ఏం లేదన్నరు. నాకు యాక్సిడెంట్ అయితే లక్షలు వస్తయంట. మిరప తోటల నాకు ఏ లారీ గుద్దుతది బిడ్డా?"

స్వాతికి నవ్వు రాలేదు. ఆమె చేతిలో కాగితం ఉంది, అఖ్తర్ బీ ఏడ్చి బతిమాలితే బ్యాంకు ఇచ్చినది. పోశక్క పాలసీ ఫిబ్రవరిలో కట్టారు. ఆమోదం బొటనవేలి ముద్రతో. మొదటి ప్రయత్నంలోనే పడింది. ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు, అందరూ మిరప కూలీలే, అందరివీ మొదటిసారే పడ్డాయి. వేళ కూడా ఒకటే, రాత్రి ఏడూ ఎనిమిదీ మధ్య. అడవి దారిలో చీకటి పడకముందే సిరొంచ చేరాలని అల్తమష్ ఏ రోజూ నాలుగు దాటి దుకాణం తెరిచి ఉంచలేదు.

ఆమె వంగి గది వెతకడం మొదలుపెట్టింది. మూలన కుంకుడు తొక్కలతో సగం నిండిన బేసిన్. దాని పక్కన నూనె సీసా, తడి తువ్వాలు. నీళ్ళు కుళ్ళి వాసన వస్తున్నాయి. బెంచీ కింద సిమెంటు మీద పసుపుపచ్చ మైనం చుక్కలు గట్టిపడి ఉన్నాయి. గోడకూ బెంచీ కాలికీ మధ్య ఏదో పలచని పొర అంటుకుని ఉంది. బల్లి విడిచిన తోలు అనుకుని గోటితో లాగింది. లాగాక చెయ్యి వెనక్కి పోయింది. బొటనవేలి కొసంత తోలు అది, జిగురు ఎండి తయారైన తోలు. దాని లోపలివైపు సన్నని గీతలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. మనిషి వేలిని ఒలిచి పారేసినట్టు ఉంది.

"ఇది ఏంది పోశక్కా?"

పోశక్క దగ్గరికి వచ్చి చూసి, ఏమీ వింత లేనట్టు తలూపింది. "బతుకమ్మ పండుగప్పుడు చేసిండ్రు గదా. బ్యాంకోళ్ళు ఈడ క్యాంపు పెట్టిండ్రు. నాట్లు అయిపోయి చేతులు మంచిగుండె. 'మిరపకాయలప్పుడు మీ వేళ్ళు పడక పరేషాన్ అయితుండ్రు, ఇప్పుడే మైనంల నొక్కి పెట్టుండ్రి, అప్పుడు మీరు గోస పడకుండ పనైతది' అన్నరు. నొక్కినం. చాయ్ గూడ పోసిండ్రు."

"నొక్కిచ్చింది ఎవరు?"

"మైనం పళ్ళెం పట్టుకున్నది ఆ పిలగాడే. ఎట్ల నొక్కాల్నో ముందుగాల తనే నొక్కి సూపిచ్చిండు. చెప్పినోళ్ళు ప్యాంట్లోళ్ళు, నలుగురైదుగురు. నాకు ఒక్కతీరుగనే కనపడ్డరు."

స్వాతి ఆ పొరను మడిచిన కాగితంలో పెట్టింది. పళ్ళెం పట్టుకున్నది అల్తమషే. అఖ్తర్ బీకి చెప్పడానికి ఇది మంచి కబురు కాదు. కానీ చేతిలో మైనపు వేళ్ళు ఉన్నవాడు, ఫిబ్రవరిలో ఈ ముసలాళ్ళ చేతుల్ని కుంకుడు నీళ్ళలో నానబెడుతూ ఎందుకు కూర్చుంటాడు?

"ఒకటి చెప్పాల్నా బిడ్డా," అంది పోశక్క, ఆమె లేవబోతుంటే. "నువ్వు పని చేసిన సర్కారు బ్యాంకు గూడ ఏం సక్కగుండె? పొద్దుగాల వస్తే పొద్దుగూకే దాక కూసోబెడుతుంటిరి. సంతకం కలుస్తలేదని, ముద్ర మసకున్నదని, అన్నం తిన్నంక రమ్మని."

"నిజమే."

"కని ముద్ర పెట్టేటప్పుడు నా మొకం సూసి పెట్టిస్తుంటిరి."

అప్పట్లో స్వాతి ఉన్న ఆ శాఖలో అయిదుగురు పని చేసేవారు. ఖర్చు ఎక్కువ, లాభం తక్కువ అని మూసేశారు. ప్రైవేటు బ్యాంకు వచ్చింది, బారులు పోయాయి, అయిదుగురి చోట ఒక పెట్టె పెట్టారు. పెట్టెకు ముఖాలు తెలియవు.

* * *

సిరొంచ శాఖలో చల్లని గాలి, పూల వాసన వచ్చే స్ప్రే. మునుపు వచ్చినవాళ్ళు కూర్చోవడానికి రెండు వరసల కుర్చీలు ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. జనం కూర్చుని కనిపిస్తే శాఖ నెమ్మదిగా పని చేస్తున్నట్టు లెక్క పడుతుందని తీయించేశారు. అందుకే అఖ్తర్ బీ బయట మెట్ల మీద, ఎండలో, బురఖా ముసుగు పైకి తీసుకుని కూర్చుని ఉంది. స్వాతి ఆమె భుజం తట్టి లోపలికి వెళ్ళింది.

మేనేజర్ దుర్గే లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్ళు, ఇస్త్రీ చొక్కా, మెత్తని గొంతు. "బసా, బసా మేడం, కూర్చోండి. పేఢా మిఠాయి తీసుకోండి. మా శాఖకి విభాగంలో మొదటి నంబర్ వచ్చింది."

ఆయన వెనక గోడకు ఇత్తడి షీల్డు వేలాడుతోంది. పేఢా మీద ఈగ వాలింది. స్వాతి పెట్టెను వేలితో దూరంగా జరిపింది.

పక్క కుర్చీలో అరుణ్‌కుమార్ కాళ్ళు చాపుకుని ఉన్నాడు. నాగపూర్ ఏజెన్సీ డిటెక్టివ్. పుట్టింది మంచిర్యాల పక్కనే. బ్యాంకు కోసం మనుషుల్ని వెతికి పెడతాడు, ఎంత తొందరగా పెడితే అంత ఎక్కువ తీసుకుంటాడు. నోట్లో సోంపు నములుతూనే ఉన్నాడు.

"ఏం మేడం, పాతగూడెం పోయి దుమ్ము తిని వచ్చిండ్రా? నన్నడిగితే ఈడనే చెబుదును గదా."

"నీకు ఏం ఎరుకో దుర్గే సాబుని అడిగినంక నిన్ను అడుగుత," అంది స్వాతి. మేనేజర్ వైపు తిరిగింది. "సార్, మొదటి నంబర్ దేనికి వచ్చింది?"

"ఎఫిషియెన్సీ. ఒక్కొక్క ఉద్యోగి మీద లాభం, ఒక్కొక్క పని మీద ఖర్చు, ఫెయిలైన వేలిముద్రలు, అన్నీ కలిపి మార్కులు." ఆయన గొంతు వెచ్చబడింది. "ముందట ఈ ఊళ్ళో సర్కారు బ్యాంకు ఉండె. మీరు అందులోనే చేసిన్రు కదా? పాలసీ అంటే వాళ్ళకి తెల్వది. ఇప్పుడు బ్యాంకు ఒట్టి లోన్లు ఇస్తే బతకదు. పాలసీలు అమ్మాలె, పోటీ పడాలె."

"మంచి నెల ఏది మీకు?"

"ఫిబ్రవరి. పాతగూడెం పాయింట్ నుంచి వచ్చిన పాలసీలలో ఒక్క వేలు కూడా ఫెయిల్ కాలేదు. విభాగంలో ఎవరికీ లేదు అది."

"మిరపకాయలు ఏరే నెల."

"అయితే?"

"ఏరేటోళ్ళ వేళ్ళకు గీతలు ఉండయి సార్. ఆ నెలల మొదటిసారే ఇరవైమూడు వేళ్ళు పడ్డయంటే, అవి మనుషుల వేళ్ళు కావు." ఆమె కాగితం విప్పి ఎండిన జిగురు పొరను పేఢాల పెట్టె పక్కన పెట్టింది.

దుర్గే దాన్ని చూశాడు. జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. ముఖంలో భయం లేదు, ఎవరో బల్ల మీద మురికి పెట్టినందుకు చిరాకు ఉంది. "ఛీ. చూడండి. ఆ అల్తమష్ ఎంత పని చేసిండో. పేదవాళ్ళ వేళ్ళు."

"క్యాంపు పెట్టింది మీరు."

"క్యాంపు బ్యాంకు పెట్టింది. మైనం మేము తేలేదు. వాడు తెచ్చిండేమో."

అరుణ్‌కుమార్ చప్పట్లు కొట్టాడు, మెల్లగా. "శభాష్ మేడం. నా కేసుకు సాక్ష్యం మీరే తెచ్చిచ్చిండ్రు. దుకాణంలనే దొరికింది గదా? వాడే నొక్కిచ్చుకున్నడు, వాడే మిషన్ ఇంటికి పట్టుకపోయి రాత్రిపూట కట్టిండు. టైము గూడ కలుస్తున్నది."

"మిషన్ రాత్రి ఎవని చేతుల ఉన్నదో నువ్వు సూసినవా?"

"సూడాల్సిన పని లేదు. మిషన్ తెరవాలంటే ఆపరేటర్ కుడి బొటనవేలు పెట్టాలె. ఇంకెవరిదీ తీసుకోదు. సోమవారం మాయమైనోడు నిన్న, బుధవారం రాత్రి ఏడుంపావుకు మిషన్ తెరిచిండు. ఇంకో పదకొండు పాలసీలు కట్టిండు. పారిపోయి గూడ దొంగతనం ఆపలే. వాని వేలు, మొదటిసారే పడ్డది. ఇగో, ఏజెన్సీ రిపోర్టు." ఫోను ఆమె ముఖం ముందు ఊపాడు. "మనిషి తప్పిపోతే ఆయన వేలు పాలసీలు కడుతదా?"

స్వాతి ఆ తెర మీది అక్షరాలు చదివింది. నిజమే. బుధవారం, అల్తమష్ పేరు, అంగీకరించబడింది. మార్చి ముగియడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. పారిపోతున్నవాడికి మార్చి ముగింపుతో ఏం పని?

"నువ్వు మనిషిని వెతికినవా, ఫోన్ల అక్షరాలు వెతికినవా?" అంది.

అరుణ్‌కుమార్ ముఖం బిగిసింది. "వెతుకుడు నాకు నేర్పకు. సర్కారు నౌకరీ కాదు నాది, నెలకు జీతం పడుడు. పని చూపిస్తేనే పైసలు. నీ లెక్క ముసలోళ్ళ చేతులు పట్టుకుని కూసుంటే నా ఇల్లు నడువది." కుర్చీలోంచి లేచాడు. "సార్, ఒక్క నిమిషం. లోపలికి వస్తరా? ఒక మంచి కబురున్నది."

ఇద్దరూ పక్కగదిలోకి వెళ్ళారు. తలుపు మూసుకుంది. రెండు నిమిషాల్లో దుర్గే నవ్వుతూ బయటికి వచ్చాడు, బల్ల మీది కారు తాళం తీసుకున్నాడు. "మేడం, పాలసీదారుల ఇళ్ళకి పోవాలె నేను. మీరు కూర్చోండి. పేఢా తినండి." వెళ్తూ వెళ్తూ ఆ జిగురు పొరను రుమాలుతో తీసి జేబులో వేసుకోబోయాడు. స్వాతి అరచెయ్యి దాని మీద పడింది. ఆయన చేతివేళ్ళు ఆమె వేళ్ళకు తగిలాయి. మెత్తగా, చల్లగా, క్రీము రాసిన వాసన. ఆయన భుజాలు ఎగరేసి బయటికి నడిచాడు.

ఆమె చెయ్యి చీరకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఆకలితో దొంగిలించేవాళ్ళను ఆమె చూసింది, వాళ్ళను తిట్టడానికి నోరు వచ్చేది కాదు. ఇక్కడ ముసలాళ్ళ కూలి డబ్బు తీసి గోడకు ఇత్తడి ముక్క తగిలించుకున్నారు.

* * *

అఖ్తర్ బీ మెట్ల మీదే ఉంది. స్వాతి ఆమె పక్కన కూర్చుంది. అరుణ్‌కుమార్ వెనకే వచ్చి, గోడకు ఆనుకుని, ఫోనులో ఏదో రాసుకుంటున్నాడు. నివేదిక అయి ఉంటుంది.

"ఖాలా, ఒక్క మాట అడుగుత. మైనం పళ్ళెం అల్తమష్ పట్టుకున్నడంట."

అఖ్తర్ బీ తల దించుకుంది. "పట్టుకున్నడు బేటీ. దుర్గే పెద్దసాబ్ పట్టుకో అన్నడు, పట్టుకున్నడు. ముసలోళ్ళకు తక్లీఫ్ తప్పుతదని ఖుషీగ పట్టుకున్నడు. తర్వాత ఆ మైనం మొత్తం సాబ్ తన కార్ల పెట్టుకపోయిండంట. రాత్రి మిషన్ దుకాణంలనే ఉంటది, తాళంచెవి ఒకటి సాబ్ దగ్గర గూడ ఉంటది. ఫిబ్రవరిల ఊరోళ్ళు పైసలు పోయినయని ఏడుస్తుంటె అప్పుడు సమజైంది వీనికి. అన్నం తినుడు బంద్ చేసిండు. నేను గట్టిగ అడిగితే గప్పుడు చెప్పిండు."

"నాకు ముందట ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తా. పళ్ళెం పట్టుకున్నది నా కొడుకే గదా. నువ్వు గూడ వాన్నే దొంగ అంటవని భయమైంది."

అరుణ్‌కుమార్ ఫోనులోంచి తల ఎత్తకుండానే అన్నాడు, "తల్లి మాట సాక్ష్యం కాదు. మిషన్‌ల పడ్డ వేలు సాక్ష్యం."

"ఏ వేలు?" అంది అఖ్తర్ బీ.

"నీ కొడుకు కుడి బొటనవేలు. నిన్న రాత్రి పడ్డది."

అఖ్తర్ బీ అతనివైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "నిన్న ఎట్ల పడుతది? ఆదివారం కైమా కొడుతుంటె కత్తి జారి ఆ వేలే తెగింది. కొస మొత్తం చీలిపోయింది. సర్కారు దవాఖానల ఆరు కుట్లేసిండ్రు. మూటంత కట్టు. సోమవారం బండి గూడ ఒక్కచేత్తో నడుపుకుంట పోయిండు. 'ఇయ్యాల మిషన్ తెరుచుకోదు అమ్మీ, దుకాణంల నుంచి తీస్కపోయి, సాబ్‌కు చెప్పి ఇచ్చేసి వస్త' అని పోయిండు."

స్వాతి లేచి నిలబడింది. అన్నీ ఒక్కసారిగా వాటి చోట్లలోకి వచ్చి కూర్చున్నాయి. యంత్రం ఎందుకు దొరకలేదో తెలిసింది. సోమవారం అల్తమష్ దాన్ని మేనేజర్‌కు ఇచ్చేశాడు. చీలిన వేలు యంత్రం మీద మొదటిసారే పడదు. పడిందంటే అది చీలక ముందటి వేలు. మైనంలో ఉన్నది ఆడవాళ్ళ వేళ్ళే కాదు, పళ్ళెం పట్టుకున్నవాడి వేలు కూడా.

"విన్నవా అరుణ్? నిన్న మిషన్ తెరిచింది దుర్గే. మార్చి అయిపోయేలోపల ఇంకో పదకొండు కావాలె ఆయనకు, షీల్డు ఇంకో ఏడాది గోడ మీద ఉండాలని. పిలగాడు పారిపోయిండని ఒకదిక్కు చెప్పుకుంట, ఇంకోదిక్కు వాని వేలుతోనే..."

ఆమె ఆగిపోయింది. అరుణ్‌కుమార్ నమలడం మానేశాడు. ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

"ఏమైంది?"

"కట్టు సంగతి నాకు ఎరుక," అన్నాడు. "మంగళవారమే దవాఖానల అడిగిన. కుట్లు పడ్డోడు ఎక్కడున్నా కట్టు మార్పిచ్చుకోవాలె గదా. వంతెన దగ్గర బండి పెట్టి జనాన్ని అటు నమ్మిచ్చి, వాడు ఇటే పోయి ఉంటడు అనుకున్న. ఆలపల్లి, అహేరి, చామోర్షి దాక కట్లు కట్టే ప్రతి డాక్టర్‌ని అడిగిచ్చిన. పొద్దున దొరికిండు. అహేరి పక్కన నాగేపల్లిల దోస్తు అమన్ అనెటోని ఇంట్ల దాక్కున్నడు."

"బతికే ఉన్నడా?" అంది అఖ్తర్ బీ. అడిగిందే కానీ జవాబు కోసం ఆగలేదు, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

స్వాతి అతని కాలరు పట్టుకుంది. ఇంతకు ముందు ఎవరినీ అట్లా పట్టుకోలేదు. "కట్టు సంగతి ఎరుక. వేలు పడ్డది ఎరుక. రెండూ ఒక్క జేబులనే పెట్టుకుని తిరిగినవ్. ఒక్కసారన్న ఒకదాని పక్కన ఒకటి పెట్టి సూసినవా?"

"నాకు మనిషిని వెతుకుమన్నరు. అంతవరకే పైసలు. వేలు సంగతి వేరే రిపోర్టు."

"ఇందాక లోపల గదిల చెప్పిన మంచి కబురు ఏంది?"

అతను రోడ్డు వైపు చూశాడు. అహేరి వైపు వెళ్ళే దారి మీద దుర్గే తెల్లకారు లేపిన దుమ్ము ఇంకా పూర్తిగా దిగలేదు.

"అడ్రసు," అన్నాడు. "ఇల్లు, గల్లీ, అమన్ నంబరు. సార్‌కు అన్నీ ఇచ్చిన. తొందరగ పట్టిచ్చినందుకు ఎక్స్‌ట్రా ఇస్త అన్నడు."

"పోలీసులకు చెప్తడని అనుకున్నవా? పిలగాడు ఎవనికి భయపడి దాక్కున్నడో వానికే ఇల్లు సూపిచ్చినవ్."

అతను నోట్లోని సోంపు మెట్ల పక్కన ఉమ్మేశాడు. స్వాతి అతని జేబులోంచి ఫోను లాగి అమన్ నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. ఈసారి మోగనే లేదు. నాగేపల్లికి గంటలు పట్టే దారి, గుంతలు, అడవి. దుర్గే పది నిమిషాలు ముందున్నాడు.

ఆమె ఇంకా ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉంది. అఖ్తర్ బీ లేచి చెప్పులు తొడుక్కుంది. పక్కనే ఆగి ఉన్న అరుణ్‌కుమార్ కారు దగ్గరికి నడిచి, ముందు సీటు తలుపు తీసి, లోపల కూర్చుంది.

"సూసుకుంట నిలబడ్డరేంది," అంది. "బండి తియ్యి. తోవ పొడుగునా నా కొడుకును తిట్టేది నాకు మస్తున్నది, నీకు నోరు మూసుకుని నడిపేది ఉన్నది."